సత్య మళ్లీ థియేటర్లో: మార్కులన్నీ భీకూకే వేసేశారు

2025 జనవరి 17న రామ్‌గోపాల్ వర్మ హిందీలో తీసిన గ్యాంగ్‌స్టర్ సినిమా "సత్య" మళ్లీ రిలీజైంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చిన అలసట ఇంకా తీరలేదు, అయినా మా బామ్మర్దిని లాక్కుని సెకండ్ షోకి వెళ్లాను. వాడికి ఇరవై రెండేళ్లు, అంటే ఈ సినిమా వచ్చిన 1998 జూలైకి వాడు ఇంకా పుట్టలేదు. భీకూ మాత్రేని రీల్స్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ, "బావా, ఇంతకీ ఇందులో హీరో ఎవరు?" అన్నాడు. టైటిల్ చూడరా అన్నాను గానీ, నిజానికి వాడి ప్రశ్న అంత తీసిపారేసేదేం కాదు. ఈ సినిమాకి అవార్డులిచ్చిన పెద్దలు కూడా దానికి తలో జవాబు చెప్పారు. భీకూ వేషం వేసిన మనోజ్ బాజ్‌పాయ్‌కి నేషనల్ అవార్డు సహాయనటుడిగా వచ్చింది. అదే పాత్రకి ఫిల్మ్‌ఫేర్ క్రిటిక్స్ అవార్డు మాత్రం ఉత్తమ నటుడిగా ఇచ్చారు. ఒక జ్యూరీకి పక్కవాడు, ఇంకో జ్యూరీకి మెయిన్.

ముందు థియేటర్ సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం సినిమా అక్కడే పోయింది. పేరు రాయను. ఎడమ వైపు స్పీకర్ మొదటి పది నిమిషాలు గుర్రుమంది, తర్వాత పూర్తిగా పడుకుంది. సందీప్ చౌతా బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ ఉన్న సినిమాని ఒంటి చెవితో వినడం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. బయటికెళ్లి చెప్తే "చూస్తాం సార్" అన్నారు. చూశారేమో, వినలేదు. పాప్‌కార్న్ రేటు గురించి మాట్లాడి మళ్లీ బీపీ తెచ్చుకోను.

ఇక సినిమా. అప్పట్లో దీని మీద పెద్ద అంచనాలేం లేవు. హిందీ జనాలకి తెలిసిన ముఖం ఒక్క ఊర్మిళదే, అదీ "రంగీలా" పుణ్యం. సత్యగా వేసిన జేడీ చక్రవర్తి మనకి "శివ" నుంచీ తెలుసు గానీ బొంబాయిలో ఎవరికి తెలుసు? మనోజ్ బాజ్‌పాయ్‌ని "బాండిట్ క్వీన్"లో, వర్మదే "దౌడ్"లో చూసినవాళ్లు కూడా పేరు గుర్తుపెట్టుకున్నది తక్కువే. మొదట్లో హాళ్లు పల్చగానే ఉన్నాయి, తర్వాత మౌత్ టాక్ లాక్కెళ్లింది. క్రిటిక్స్ నెత్తిన పెట్టుకున్నారు. ఫిల్మ్‌ఫేర్ క్రిటిక్స్ బెస్ట్ ఫిల్మ్ దీనికే ఇచ్చారు. మామూలు బెస్ట్ ఫిల్మ్ మాత్రం "కుఛ్ కుఛ్ హోతా హై" ఎత్తుకుపోయింది, దానికి నాకేం బాధ లేదు, ఆ ఏడాది మా హాస్టల్లో రెండు క్యాసెట్లూ అరిగిపోయాయి.

ఎవర్ని కదిపినా "రియలిస్టిక్" అనే ఒకే మాట. ఏది రియలిస్టిక్ అని అడిగితే తుపాకులు, రక్తం, బూతులు అనేవాళ్లు. నాకది సగం నిజం. తుపాకులు అంతకుముందు సినిమాల్లోనూ పేలాయి. ఇందులో కొత్తదేంటంటే ఈ రౌడీలకి చిల్లర బాధలున్నాయి. వానలో తడుస్తారు, ఇరుకు గదుల్లో ఒకడి మీద ఒకడు పడుకుంటారు, వాళ్లలో వాళ్లు పిచ్చి జోకులు వేసుకుని పడీపడీ నవ్వుతారు. భీకూ బయట అంత పెద్ద గ్యాంగ్‌ని నడుపుతాడు, ఇంటికొస్తే పెళ్లాం ప్యారీ ముందు నోరెత్తలేడు. ఎత్తితే ఆమె ఇంకా గట్టిగా ఎత్తుతుంది. ఇద్దరూ అరుచుకుంటారు, చెయ్యి లేస్తుంది, కాసేపటికి ఏం జరగనట్టు నవ్వుకుంటారు. ప్యారీగా షెఫాలీ షా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టే సీన్లు, ఆ కాస్తకే క్రిటిక్స్ ఉత్తమ నటి అవార్డు ఇచ్చేశారు. ఈసారి చూశాక తప్పేం లేదనిపించింది.

ఇది రాసింది అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా. అనురాగ్‌కి అప్పటికి పాతికేళ్లు కాస్త అటూ ఇటూ. సౌరభ్ శుక్లాయే భీకూ గ్యాంగ్‌లోని కల్లూ మామ వేషం కూడా వేశాడు, తను రాసుకున్న మాట తనే పలుకుతుంటే ఆ తేడా తెలుస్తుంది. కెమెరా జెరార్డ్ హూపర్ అనే అమెరికన్, మజ్హర్ కమ్రాన్. మన వాళ్లయితే ఫ్రేమ్‌లోంచి తీసేసే చెత్త, తడిసిన గోడలు, తీగల మీద ఆరేసిన బట్టలు అన్నీ అలాగే వదిలేశారు. అదీగాక ఆ కాలం అలాంటిది. 1997 ఆగస్టు 12న క్యాసెట్ల కంపెనీ టీ-సిరీస్ యజమాని గుల్షన్ కుమార్‌ని అంధేరీలో గుడి బయట కాల్చి చంపారు. ఈ సినిమాలోనూ ఒక నిర్మాత హత్య ఉంది. 98లో టికెట్ కొని కూర్చున్నవాడికి అది కథలా ఎలా అనిపిస్తుంది?

నా అసలు గొడవ జేడీ గురించి. అప్పట్లో మా బ్యాచ్‌లో సినిమా చూసొచ్చిన ప్రతివాడూ భీకూని పొగిడాక చివర్లో, "జేడీ ముఖంలో ఎక్స్‌ప్రెషన్ లేదురా" అనేవాడు. నేనూ అన్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఇప్పుడు పెద్ద తెర మీద చూస్తే నా మాట నేనే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. బార్‌లో జగ్గా అనే రౌడీ మందు ముఖాన కొట్టినప్పుడు, జైల్లో భీకూ మీదికొచ్చినప్పుడు, తర్వాత అదే జగ్గాని చంపడానికి తుపాకీ చేతికిచ్చినప్పుడు ఒకటే చూపు. ఎక్కణ్నుంచి వచ్చాడో, అమ్మానాన్నలెవరో సినిమా చెప్పదు. ఫ్లాష్‌బ్యాక్ లేదు, చెల్లెలి పెళ్లి లేదు, పగ లేదు. తెలుగు సినిమా చూసి పెరిగిన మనకి హీరో కత్తి పడితే దానికో కారణం కావాలి, కనీసం ఒక తల్లి కన్నీళ్లన్నా కావాలి. "శివ"లో సైకిల్ చైన్ తెంపడానికి కూడా ఒక కారణం ఉంది. ఇక్కడ అది లేదు. ఆ ముఖం అలా రాయిలా ఉంది కాబట్టే పక్కన భీకూ గంతులు, నవ్వులు, బూతులు అంత వెలుగుతాయి. ఇద్దరూ అరిచేవాళ్లే అయితే ఈ సినిమా మూడు రోజుల్లో తలనొప్పి అయ్యేది.

హాల్లో తొక్కిసలాట సీన్ దగ్గర మాత్రం నేను సినిమా చూడలేకపోయాను. సత్య తను ప్రేమించిన విద్యని (ఊర్మిళ) సినిమాకి తీసుకెళ్తాడు, తెర మీద "బోర్డర్" ఆడుతుంటుంది. పోలీసులకి తెలుస్తుంది, అన్ని తలుపులూ మూసేసి ఒక్కటే తెరిచి ఉంచుతారు, ఒక్కొక్కణ్నీ చూసి పంపుదామని. సత్య తుపాకీ పేలుస్తాడు, జనం ఆ ఒక్క తలుపు మీద పడతారు. 98లో చూసినప్పుడు "అబ్బ, ఏం ఐడియా" అనుకున్నాను. ఈసారి హైదరాబాద్‌లో కూర్చుని చూస్తున్నాను. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒకావిడ చనిపోయి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. తెర మీద కింద పడ్డవాళ్ల మీద నుంచి జనం పరిగెత్తుతుంటే నా కళ్లు మాత్రం మా హాల్లో ఎర్రగా వెలుగుతున్న ఎగ్జిట్ బోర్డు మీద ఉన్నాయి. మా ముందు వరుసలో అప్పటిదాకా ప్రతి డైలాగ్‌కీ ఈల వేస్తున్న కుర్రాళ్లు కూడా గప్‌చుప్.

అన్నీ బాగున్నాయని కాదు. విశాల్ భరద్వాజ్ పాటలు విడిగా వినడానికి బంగారం, సినిమాలో మాత్రం రెండు మూడు చోట్ల బండిని ఆపి ఛాయ్ తాగినట్టే. "గోలీ మార్" పాట ఒక్కటే కథలో కలిసిపోయింది, తాగి ఊగే రౌడీలు ఇంకెలా పాడతారు. విద్య పాత్రకి రాత తక్కువ. ఎదురింట్లో ఉండేవాడు రోజంతా ఏం చేస్తాడో ఆ అమ్మాయికి అంతకాలం అనుమానమే రాకపోవడం ఎలా? ఊర్మిళ నేత చీరల్లో, నూనె పెట్టిన జడలో నిజంగా చాల్‌లో, అంటే బొంబాయి ఇరుకు గదుల వరుస ఇళ్లలో, పెరిగిన పిల్లలా ఉంది కాబట్టి లాగించేశాం. కమిషనర్‌గా పరేశ్ రావల్ ఉన్నంతసేపూ, పోలీసులు పట్టుకున్నవాణ్ని పట్టుకున్నట్టే కాల్చేస్తుంటే సినిమా ఒక్క ప్రశ్నా గట్టిగా అడగదు. 98లో ఇది నాకు తట్టలేదు. మన దగ్గర ఇన్ని ఎన్‌కౌంటర్ల వార్తలు చదివాక ఇప్పుడు తట్టింది.

భీకూ చావు గురించి చూడనివాళ్ల కోసం ఎక్కువ చెప్పను. అంత హఠాత్తుగా, అంత మామూలుగా ఒక మనిషి పోవడం తెర మీద నేను తక్కువే చూశాను. మా వాడు పక్కనుంచి "అంతేనా?" అన్నాడు. అంతే.

వర్మ కూడా ఈ రీ-రిలీజ్ టైమ్‌లో ఇన్నేళ్ల తర్వాత సినిమా మళ్లీ చూసి ఏడ్చానని రాసుకున్నాడు. సక్సెస్ మత్తులో పడి దీన్నే కొలబద్దగా పెట్టుకోకుండా ఏవేవో తీశానని ఒప్పుకున్నాడు, ఇకముందు అలా చేయనని ఒట్టేశాడు. ఆ వెంటనే "సిండికేట్" అని కొత్త సినిమా ప్రకటించాడు. మధ్యలో ఆయనే తీసిన "సత్య 2" అనే దానికి డబ్బులిచ్చి చూసినవాణ్ని, ఆ ఒట్టు దగ్గర కాస్త ఆగుతాను. కానీ ఒక మాట. క్రిటిక్స్ పొగడ్త ఈయన్ని కొంత చెడగొట్టిందేమో అనిపిస్తుంది. అందరూ తుపాకీని పొగిడారు, ఆయన తర్వాత తుపాకులే తీశాడు. ప్యారీ అరుపుల్ని, కల్లూ మామ ఆయాసాన్ని పొగిడి ఉంటే ఏం తీసేవాడో.

చూడాలా అంటే, చూడండి, దొరికితే పెద్ద తెర మీదే, స్పీకర్లు రెండూ పనిచేసే చోట. చిన్న పిల్లల్ని తీసుకెళ్లకండి. దాదాపు మూడు గంటలు, మంచినీళ్లు పెట్టుకోండి.

మర్నాడు మెట్రోలో మా బామ్మర్ది తలుపు దగ్గర నిలబడి, చేతులు చాపి, భీకూ డైలాగ్ "ముంబై కా కింగ్ కౌన్" అని చిన్నగా మొదలెట్టాడు, పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి చూశాడు. సరే రా, ఇప్పుడు సత్య చెప్పిన డైలాగ్ ఒక్కటి చెప్పు అన్నాను. వర్మ ఒకప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన అమీర్‌పేట వచ్చేదాకా ఆలోచించాడు.

"వాడు మాట్లాడాడా బావా అసలు?" అన్నాడు దిగుతూ.