398 బొమ్మల అర్జీ: ఏడేళ్ళ ఎనిమిది నెలలు గ్వామాన్ పోమాని చదివాక నా రివ్యూ

పోయిన ఆదివారం ఆఖరి బొమ్మ కూడా అయిపోయింది, డిసెంబరు నెల, ఆలుగడ్డలు నాటే బొమ్మ. ఆదివారానికి ఒక్కటి చొప్పున మొత్తం 398 బొమ్మలు, లెక్కేస్తే ఏడేళ్ళ ఎనిమిది నెలలు. మధ్యలో పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఇల్లు మారడాలు వచ్చి కొన్ని వారాలు తప్పినా తర్వాత వారం రెండేసి చూసి సరిచేసుకున్నా. ఇంతకాలం ఒకే పుస్తకంతో గడిపాను కాబట్టి దాని గురించి చెప్పే హక్కు కొంచెం వచ్చిందనుకుంటున్నా, అందుకే రాస్తున్నా.

పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే "మొదటి కొత్త చరిత్ర, మంచి పాలన". రాసినాయన ఫెలిపె గ్వామాన్ పోమా దె అయాలా, పెరూ దేశపు కొండల్లో పుట్టిన మనిషి, ఆయన భాష కెచువా. గ్వామాన్ అంటే డేగ, పోమా అంటే ఆ కొండల్లో తిరిగే ప్యూమా. 1615 నాటికి చేత్తో రాసి పూర్తి చేశాడు, దాదాపు 1200 పేజీలు, అందులో 398 నిండు పేజీ బొమ్మలు, అన్నీ తనే వేశాడు. ఇదంతా ఎవరికోసం అంటే స్పెయిన్ రాజు మూడో ఫెలిపె కోసం. మా దేశాన్ని మీవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి దొరా, ఇలా పాలించండి అని చెప్పే ఉత్తరం అన్నమాట.

నేను దీని దగ్గరికి హంపి మీదుగా వచ్చా. విజయనగరం గురించి చదువుతూ ఉంటే డొమింగో పాయెస్, ఫెర్నావో నూనిజ్ అనే ఇద్దరు పోర్చుగీసు వాళ్ళు రాసిన వృత్తాంతాలు తగిలాయి, 1900లో రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి తెచ్చినవి. కృష్ణదేవరాయలు మరీ పొడుగూ కాదు పొట్టీ కాదు, కాస్త బొద్దుగా ఉండేవాడు, మొహం మీద మశూచి మచ్చలు ఉండేవి, తెల్లారకముందే నువ్వులనూనె తాగి కసరత్తు చేసేవాడు అని మనకి తెలిసింది ఆ పాయెస్ వల్లే. ఆ పేజీలు చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో అంత వెలితిగా కూడా అనిపించింది, మన రాజు మొహం మనకి వేరేవాళ్ళ కలంలోంచి కనబడుతోందే అని. అక్కణ్ణించి పోర్చుగీసు వాళ్ళ గురించి, వాళ్ళ పక్కనే ఉన్న స్పెయిన్ వాళ్ళ గురించి చదవడం మొదలైంది, మెక్సికో, పెరూ అన్నీ చదివా, అన్నిట్లోనూ గెలిచినవాళ్ళే రాస్తుంటారు. అలా చదువుతుంటే ఈయన దొరికాడు, అవతలి ఒడ్డున నిలబడి ఇటు తిరిగి రాసిన మనిషి.

ఇక వాడిన అనుభవం. ఒరిజినల్ కోపెన్‌హాగన్‌లో డెన్మార్క్ రాజ లైబ్రరీలో ఉంది, 1908లో రిచర్డ్ పీచ్‌మన్ అనే జర్మన్ పండితుడు అక్కడ చూసి లోకానికి చెప్పాడు, 1936లో పారిస్‌లో ఫోటో ప్రతి అచ్చయింది, 2001 నుంచి ప్రతి పేజీ స్కాన్ చేసి ఆ లైబ్రరీ వాళ్ళే నెట్‌లో ఉచితంగా పెట్టారు. నేను చదివింది అదే. పక్కనే చేతిరాతకి అచ్చు అక్షరాల ప్రతి ఉంటుంది, కెచువా మాటలకి స్పానిష్ అర్థం ఉంటుంది. నాకు మొదట్లో స్పానిష్ కూడబలుక్కుని చదివేంతే వచ్చు, అయినా నెట్టుకొచ్చా, ఎందుకంటే ఈయన స్పానిష్ కూడా పండితుల స్పానిష్ కాదు, రెండో భాషగా నేర్చుకుని పంతంగా రాసిన స్పానిష్, వాక్యం మధ్యలో ఉన్నట్టుండి కెచువాలోకి వెళ్ళిపోతాడు, మనం మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులోంచి ఇంగ్లీషులోకి దూకినట్టు. చిన్న మాట, ఆయన పేజీ నంబర్లు వేయడంలో తప్పులు చేశాడు, అందుకని ఎక్కడ చూసినా రెండు నంబర్లు ఇస్తారు, ఆయన వేసింది ఒకటి, సరిచేసింది ఒకటి. ఇది తెలియక మొదటి రెండు నెలలూ నా నోట్సంతా గందరగోళం అయిపోయింది.

దీనికి ముందు ఒక ఇంగ్లీషు సంక్షిప్త ప్రతి కొన్నా, ఏ కంపెనీదో చెప్పను, అందులో బొమ్మలు అగ్గిపెట్టె సైజులో మసిబారి ఉన్నాయి, ఆరు పేజీల మాటలకి ఒక బొమ్మ. అది చదివి ఈ పుస్తకం ఇంతేనా అనుకుని ఏడాది పక్కన పెట్టేశా. అందుకే గట్టిగా చెప్తున్నా, బొమ్మలు చిన్నవైతే ఈ పుస్తకం కొనకండి. దీంట్లో ముందు బొమ్మ, తర్వాతే మాట.

ఒక బొమ్మ చెప్తా. 369వ పేజీ, ఆయన నంబరు ప్రకారం. ఇంకా రాజు (స్పెయిన్ వాళ్ళు రాకముందు పెరూని ఏలిన వంశం పేరు ఇంకా) ఒకవైపు, స్పెయిన్ వాళ్ళ తరఫున వచ్చిన పెద్రో దె కాందియా అనే మనిషి ఇంకోవైపు, మధ్యలో పళ్ళెంలో బంగారం. రాజు కెచువాలో అడుగుతాడు, మీరు తినేది ఈ బంగారమేనా అని. వాడు స్పానిష్‌లో అవును, ఈ బంగారమే తింటాం అంటాడు. ఇద్దరి నోటి దగ్గరా రెండు భాషల్లో రెండు చిన్న వాక్యాలు, అంతే. బంగారం కోసం వీళ్ళు పడ్డ యావ గురించి నేను అంతకుముందు చదివిన లావుపాటి పుస్తకాలన్నీ ఆ పళ్ళెంలో ఇమిడిపోయాయి. ఆ ఆదివారం ఇంకేం చదవలేకపోయా.

ఇంకొకటి, 1532 నవంబరులో కహమార్కా ఊళ్ళో ఇంకా వంశపు రాజు అతావల్పాని స్పెయిన్ వాళ్ళు పట్టుకున్న రోజు. ఫాదర్ వాల్వెర్దె పుస్తకం చేతికిస్తే అతావల్పా తిరగేసి చూసి ఇది నాతో మాట్లాడటం లేదే అని కిందికి విసిరేశాడని రాస్తాడు. వాళ్ళకి రాత లేదు, కిపు అని తాళ్ళకి ముడులేసి లెక్కలు దాచుకునేవాళ్ళు. కిపు లెక్కగాడి బొమ్మ వేరే ఉంది, రెండు చేతులా తాడు బారుగా పట్టుకుని నిలబడతాడు, కింద ఒక మూలన నాలుగు నిలువు, అయిదు అడ్డం గళ్ళ పలక, గళ్ళల్లో గింజల్లాంటి చుక్కలు. వామనగుంటల పీట లాగే ఉందని మా అమ్మాయి అంది. పుస్తకం మాట్లాడటం లేదన్న రాజు జాతిలో పుట్టినవాడు ఎనభై మూడేళ్ళు తిరిగేసరికి దాదాపు 1200 పేజీలు రాసి, అచ్చు పుస్తకంలాగా ప్రతి పేజీ అడుగున తర్వాతి పేజీ మొదటి మాట కూడా వేసి పెట్టాడు చూడండి, అది గమనించినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

మా నాన్న దస్తావేజు లేఖరి, రిజిస్టర్ ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని నలభై ఏళ్ళు అర్జీలు రాశాడు. ఈ పుస్తకం నాకు ఎక్కింది అందువల్లే అనుకుంటా. చరిత్ర పుస్తకంగా చదివితే దీంతో విసుగొస్తుంది, అర్జీగా చదవండి. ముందు రాజుగారి గొప్ప, తర్వాత మా తాతలు ఫలానా, తర్వాత మాకు జరిగిన అన్యాయం, ఊరి పేరు, మనిషి పేరు, కొట్టిన దెబ్బలు, తర్వాత ఇలా చేస్తే బాగుంటుంది అని మనవి. అచ్చం అదే వరస. ఆయనకి సొంత దెబ్బ కూడా ఉంది, వామాంగా అనే ఊరి దగ్గర చూపాస్ భూముల కోసం కోర్టులో కొట్లాడి 1600లో ఓడిపోయాడు, 200 కొరడా దెబ్బలు, రెండేళ్ళు ఊరి బహిష్కారం శిక్ష పడింది. ఇది ఆయన పుస్తకంలో ఎక్కడా చెప్పుకోడు, కోర్టు కాగితాల్లో ఉంది. అది తెలిశాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివితే, ప్రతి అధికారి దౌర్జన్యం చెప్పిన చోటల్లా చివర్న "దీనికి మందు లేదు" అని రాసుకుంటూ పోవడం వేరేగా వినిపించింది. ఈ మాట పుస్తకం నిండా వస్తుంది, కొంతకాలానికి నా నోటికి కూడా వచ్చేసింది.

అన్నిటికంటే ఎక్కువసార్లు తీసి చూసిన బొమ్మ ఆరు జంతువులది. మధ్యలో ఒక పేద ఇండియన్ (పెరూ జనాన్ని స్పెయిన్ వాళ్ళు అలా పిలిచేవాళ్ళు) మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించి ఉంటాడు, చుట్టూ ఆరు. పాము అంటే కొరెహిదోర్, అంటే జిల్లా అధికారి. పులి అంటే దారిలో సత్రాల్లో దిగే స్పెయిన్ వాళ్ళు. సింహం అంటే ఊళ్ళూ మనుషులూ ఇనాంగా పొందిన ఎన్‌కొమెందేరో. నక్క చర్చి ఫాదరు. పిల్లి కాగితాలు రాసే గుమాస్తా. ఎలుక ఎవరంటే ఆ ఊరి సొంత పెద్ద, కురాకా. ఈయనేమో అలాంటి పెద్దల వంశంలో పుట్టానని పేజీకోసారి చెప్పుకునే మనిషి, అయినా తనవాళ్ళని కూడా ఆ వరసలో కూర్చోబెట్టాడు. గుమాస్తా పిల్లి అని చూసి నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నిజమే రాశాడు" అన్నాడు.

బాగోలేనివి కూడా చెప్పాలి. మొదటి వంద పేజీలు బైబిల్ కథలూ, లోకం పుట్టుక, మా వాళ్ళు స్పెయిన్ వాళ్ళు రాకముందే దేవుణ్ణి ఎరుగుదురు అనే వాదన, చాలా బరువుగా సాగుతుంది, అక్కడ ఆగిపోయేవాళ్ళే ఎక్కువ ఉంటారు. అక్కణ్ణించి మొదలుపెట్టకండి. నిజాలు కూడా ఉన్నవున్నట్టు తీసుకోకూడదు, అతావల్పా తల నరికినట్టు బొమ్మ వేశాడు, కానీ 1533లో అతన్ని చంపింది మెడకి తాడు బిగించి. తల నరికింది 1572లో కుస్కోలో, ఇంకా వంశపు చివరి రాజు తూపాక్ అమారుకి, ఆ బొమ్మ కూడా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు ఒక్కలాగే ఉంటాయి, ఆయన మనసులో ఆ రెండు చావులూ కలిసిపోయాయేమో అనిపిస్తుంది. ఇంకా నన్ను నిజంగా బాధపెట్టింది, రెండు జాతులు కలిసి పుట్టిన సంతానం మీద, నల్లవాళ్ళ మీద ఆయన రాసిన మాటలు. ఎవరి చోట వాళ్ళు ఉండాలి, మా ఊళ్ళల్లోకి రాకూడదు అంటాడు. తన జనం అరిగిపోతున్నారనే భయం అందులో ఉంది, నాకు అర్థమవుతుంది, అయినా ఆ పేజీలు ఇష్టపడలేను. మురూవా అనే ఫాదరు పుస్తకానికి కొన్నేళ్ళు బొమ్మలు వేసిపెట్టిన మనిషి, తన పుస్తకంలో అదే మురూవా నేతపనిలో ఉన్న మనిషిని కొడుతున్నట్టు బొమ్మ వేశాడు, అది చూస్తే మాత్రం ఈయన ఎవర్నీ వదిలే రకం కాదని తెలుస్తుంది.

చివర్లో నెలల బొమ్మలు వస్తాయి, పన్నెండు నెలలు, ఏ నెలలో పొలంలో ఏం పని అని. ఇవి నాకు బాగా దగ్గరయ్యాయి. కాలితో తొక్కే నాగలితో మగవాళ్ళు వరసగా దున్నుతుంటే ఎదురుగా ఆడవాళ్ళు పెళ్ళలు తిరగేస్తుంటారు. అక్టోబరు బొమ్మ పిట్టలు తోలడం. ఒకతను నక్కతోలు తలమీంచి కప్పుకుని చేతిలో ఒడిసెల పట్టుకుని చేలో నిలబడి ఉంటాడు. ఆ ఆదివారం లాప్‌టాప్ నాన్న మంచం దగ్గరికి తీసుకెళ్ళి చూపించా, పేరు చెప్పకుండా. కళ్ళజోడు సర్దుకుని చూసి "ఒడిసెలరా ఇది, జొన్నచేలో మంచె మీద కూర్చుని మేం తిప్పేవాళ్ళం, వీడు నేలమీదే ఉన్నాడే, మంచె ఏదీ?" అన్నాడు. మంచె లేదు మరి. తర్వాత అసలు సంగతి అంతా చెప్పా, రాజుకి రాశాడు, ఇన్ని పేజీలు, ఇన్ని బొమ్మలు అని. నాన్న మొదట అడిగిన ప్రశ్న, "రసీదు తీసుకున్నాడా?" అని. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకపోతే అర్జీ ఇవ్వనట్టే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు ఆయన. నేను 1908 సంగతి చెప్పా. "దగ్గర దగ్గర మూడొందల ఏళ్ళు" అని వేళ్ళమీద లెక్కేసుకున్నాడు.

పుస్తకంలో ఒక చోట రాజు ప్రశ్న అడుగుతుంటే ఈయన మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకం చూపిస్తూ జవాబు చెప్తుంటాడు, అలా ఒక బొమ్మ, దాని వెనకే పేజీల కొద్దీ సంభాషణ. జరగని సంభాషణ అది, ఆయన ఎప్పుడూ స్పెయిన్ వెళ్ళలేదు. జనం మళ్ళీ ఎలా పెరుగుతారు చెప్పు అని రాజు అడుగుతాడు, ఈయన ఒక్కొక్కటే చెప్తాడు. దాని తర్వాత వందకి పైగా పేజీలు దాటాక లీమాకి నడిచివెళ్ళే బొమ్మ ఉంది, ముసలాయన, కొడుకు ఫ్రాన్సిస్కో, గుర్రం, రెండు కుక్కలు. కుక్కల పేర్లు అమీగో, లౌతారో, పేర్లు కూడా రాసిపెట్టాడు. రాజుకి ఇచ్చే కాగితంలో కుక్కల పేర్లు రాసిన మనిషి ఇంకొకరు నాకు తగల్లేదు.

మొదలుపెట్టేవాళ్ళు 369తో మొదలుపెట్టండి, తర్వాత ఆరు జంతువులు, తర్వాత నెలలు. ఆ మూడూ నచ్చితే అప్పుడు మొదటికి వెళ్ళండి. రోజుకి పది చూడకండి, కలిసిపోతాయి, వారానికి ఒకటే చూడండి, ఒక నోట్‌బుక్ పెట్టుకుని బొమ్మలో ఉన్న వస్తువులు రాసుకోండి, ఏం పట్టుకున్నారు, ఏం తొడుక్కున్నారు, ఎవరు ఎవరికంటే పెద్దగా వేసి ఉన్నారు అని. నా దగ్గర అలాంటివి మూడు నోట్‌బుక్కులు అయ్యాయి. ఈసారి కెచువా మాటలు మాత్రమే పట్టుకుని రెండో చుట్టు వేద్దామని ఉంది, వచ్చే ఆదివారం నించి మళ్ళీ ఒకటో పేజీ.