పాత మినీ, కొత్త మినీ: ఏది మేలు?

1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు పొడవు సుమారు 3.05 మీటర్లు. 2001లో బీఎండబ్ల్యూ తెచ్చిన మినీ 3.63 మీటర్లు. కారు అర మీటరుకు పైగా పెరిగినా, వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇరుకే. నా దృష్టిలో ఈ రెంటినీ పోల్చడం ఇక్కడే మొదలుపెట్టాలి.

1956లో సూయజ్ సంక్షోభం వచ్చి బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అనే కార్ల కంపెనీ అధిపతి లియొనార్డ్ లార్డ్ చిన్న కారు చేయమని ఇంజినీరు అలెక్ ఇసిగోనిస్‌కు చెప్పాడు. ఇసిగోనిస్ ముందు మనుషులకు చోటు చూసి, మిగిలినదాంట్లో యంత్రాన్ని సర్దాడు. ఇంజిన్‌ని అడ్డంగా పెట్టాడు. గేర్‌బాక్స్‌ని దాని కిందే, ఇంజిన్ ఆయిల్ నిలిచే తొట్టి (సంప్)లోనే అమర్చాడు. చక్రాలు 10 అంగుళాలవే. స్టీలు స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు వాడాడు. అద్దాలు కిందికి దిగవు, పక్కకు జరుగుతాయి. అందువల్ల తలుపులో మిగిలిన ఖాళీ సామాన్ల అర అయింది. ఇలా కూడబెట్టి కారు నేలలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ ఇచ్చాడు. ఇంత పొదుపైన ఆలోచన ఆ తర్వాత ఏ మినీలోనూ నాకు కనిపించలేదు.

అలాగని పాతదాన్ని నెత్తిన పెట్టుకోలేం. మొదట్లో వచ్చిన కార్లలో వాన పడితే నేల మీదికి నీళ్లు చేరేవి. 848 సీసీ ఇంజిన్‌కి 34 హార్స్‌పవర్, లోపల మోత ఎక్కువ, రేకుకి తుప్పు బెడద. ప్రమాదం జరిగితే ఇప్పటి కార్లు ఇచ్చే రక్షణ అందులో లేదు.

అయినా మలుపుల్లో వేరే కార్లు దాన్ని అందుకోవడం కష్టం. రేసు కార్లు తయారుచేసే జాన్ కూపర్ చేయి పడ్డాక మాంటె కార్లో ర్యాలీని 1964, 1965, 1967లో గెలిచింది. 1966లో కూడా మొదటి మూడు స్థానాలూ మినీలవే. హెడ్‌లైట్లు నిబంధనకు సరిపోలేదని ఆ కార్లను పోటీ నుంచి తప్పించారు. నాకు ఇప్పటికీ అది అన్యాయమనే అనిపిస్తుంది.

అప్పటికి మినీని తయారుచేస్తున్న రోవర్ కంపెనీని 1994లో కొన్న బీఎండబ్ల్యూ, 2000లో దాన్ని వదిలించుకున్నా మినీ పేరును మాత్రం వదల్లేదు. పాతది అదే ఏడాది అక్టోబరులో ఆగిపోయింది. అప్పటికి 53 లక్షలకు పైగా తయారయ్యాయి. ఫ్రాంక్ స్టీఫెన్సన్ గీసిన కొత్తది ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, 1.6 లీటర్ల ఇంజిన్, నాలుగు మూలలకు జరిపిన చక్రాలు. బరువు మాత్రం టన్ను దాటింది. పాతదాని బరువు సుమారు 600 కిలోలే. అయినా స్టీరింగ్ తిప్పగానే ముక్కు చటుక్కున తిరిగే గుణం నిలబెట్టుకుంది, అది చిన్న విషయం కాదు. తర్వాతి మోడళ్లు ఇంకా పెరిగాయి. 4 మీటర్లు దాటిన కంట్రీమ్యాన్‌ని మినీ అనడానికి నాకు మనసొప్పదు.

రోజూ ఆఫీసుకి, పిల్లలతో హైవే మీదికి అయితే కొత్తదే తీసుకోండి. ఇందులో నాకు సందేహం లేదు. 2001-06 మధ్యది దొరికితే, పరిమాణంలో పాతదానికి అదే దగ్గర.

ఆదివారం కోసం రెండో కారు పెట్టుకోగల స్తోమత ఉండి, ఉండేది బ్రిటన్‌లో అయితే పాతదే. అక్కడ 40 ఏళ్లు దాటిన కారును చారిత్రక వాహనంగా నమోదు చేసుకుంటే రోడ్డు పన్ను ఉండదు. కొనేముందు తలుపుల కింది సిల్స్, వెనక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్ వంగి చూడండి, తుప్పు అక్కడే మొదలవుతుంది. మరీ తినేసి ఉంటే, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత మినీకి కొత్త బాడీ షెల్ తయారు చేసి అమ్ముతున్నారు.