ఈ టీవీకి నా రివ్యూ వెనకవైపు నుంచి

55 అంగుళాల 4కే టీవీ, దాని కింద సౌండ్‌బార్, పక్కన స్ట్రీమింగ్ బాక్స్, తమ్ముడి గేమింగ్ కన్సోల్. ప్రస్తుతం మా హాల్లో ఉన్న సెటప్ ఇది. బొమ్మ చాలా బాగుంది. రంగులు సహజంగా ఉన్నాయి, చీకటి సీన్లలో కూడా ముఖాలు తెలుస్తున్నాయి. బొమ్మ గురించి ఇంతకంటే చెప్పను, ఆ సంగతి అందరూ రాస్తారు. నేను రాయాలనుకున్నది టీవీ వెనక ఉన్న పోర్టుల గురించి. కొన్నాక మనం సుఖపడతామా, ఇబ్బంది పడతామా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతుంది. షాపులో మాత్రం టీవీని గోడకు ఆనించి పెడతారు కాబట్టి ఆ వైపు ఎవరూ చూడరు.

నాన్నకు వినికిడి కాస్త తగ్గింది. సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మ్యూజిక్ వినిపిస్తుంది గానీ డైలాగులు అందులో కలిసిపోతాయి. అందుకే నా దృష్టిలో సౌండ్‌బార్ ఆడంబరం కాదు, అవసరం. దాన్ని ఎలా కలపాలన్నదే అసలు ప్రశ్న.

ఆప్టికల్ కేబుల్‌తో (సౌండ్‌ను వెలుతురు రూపంలో పంపే తీగ) కలిపినా సౌండ్ వస్తుంది. మామూలు స్టీరియోకి, డాల్బీ డిజిటల్ 5.1కి (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉండే సరౌండ్ సౌండ్) అది చాలు. కానీ పైనుంచి కూడా సౌండ్ వస్తున్నట్టు అనిపించే డాల్బీ అట్మాస్ అందులోంచి రాదు. పైగా ఆ తీగ మీద కంట్రోల్ సిగ్నల్ వెళ్లదు కాబట్టి సాధారణంగా వాల్యూమ్‌కి ఒక రిమోట్, చానెల్‌కి ఇంకో రిమోట్ పట్టుకోవాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది రోజూ టెన్షనే. హెచ్‌డీఎంఐ (బొమ్మ, సౌండ్ రెండూ ఒకే తీగలో వెళ్లే కనెక్షన్) పోర్టులో ఏఆర్‌సీ, అంటే ఆడియో రిటర్న్ ఛానెల్, ఉంటే ఆ గొడవ ఉండదు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఈ సదుపాయం వల్ల బొమ్మ లోపలికి వచ్చే పోర్టులోంచే టీవీ సౌండ్ బయటికి వెళ్తుంది. దానికి తోడు మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి కంట్రోల్ చేసుకునే సదుపాయం) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ కూడా పనిచేస్తుంది. మెనూలో సీఈసీ అని కనిపించకపోతే కంగారు పడకండి. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్‌లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. ఇప్పుడు అమ్మ ఒక్క రిమోట్‌తో అన్నీ నడిపేస్తోంది. ఈ సెటప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఈఏఆర్‌సీ అనేది ఏఆర్‌సీకి తర్వాతి తరం, 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చింది. దానికోసం ఎక్కువ ఖర్చు పెట్టాలా? బ్లూరే డిస్కులు చూసేవాళ్లయితే పెట్టండి, అందులోని డాల్బీ ట్రూహెచ్‌డీ సౌండ్ పూర్తిగా రావాలంటే అదే కావాలి. యాప్‌లలో వచ్చే అట్మాస్ మాత్రం డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది. దానికి మామూలు ఏఆర్‌సీ సరిపోతుంది.

ఇక ఈ టీవీ మీద నా అసలు ఫిర్యాదు. వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. చూడ్డానికి నాలుగూ ఒకటే. 4కేని 120 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 120 ఫ్రేములతో, తీసుకునేవి మాత్రం రెండే. ఆ రెండింటిలో ఒకటే ఈఏఆర్‌సీ పోర్టు కూడా! సౌండ్‌బార్ దాన్ని ఆక్రమించాక కన్సోల్‌కి ఒక్కటి మిగిలింది. రేపు ఇంకో కన్సోలో, మంచి కంప్యూటరో తెస్తే దానికి చోటు లేదు. సౌండ్ పోర్టును 60 హెర్ట్జ్ పోర్టుల్లో ఒకదానికి ఇచ్చి ఉంటే సరిపోయేది. ఒక స్టార్ తగ్గించింది ఇందుకే. కొనేముందు పోర్టుల పక్కన రాసిన చిన్న అక్షరాలు చదవండి. అక్కడ లేకపోతే మాన్యువల్ తెరిచి చూడండి.

రెండో ఫిర్యాదు చిన్నదే గానీ చాలామందికి ఉపయోగపడుతుంది. ఈ టీవీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ మొదట ‘స్టాండర్డ్’లో ఉంటుంది. అలాగే వదిలేస్తే స్ట్రీమింగ్ బాక్స్ నుంచి 60 హెర్ట్జ్ 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించే బొమ్మ) పూర్తి స్థాయిలో రాదు. ఒక్కో పోర్టుకూ విడిగా ‘ఎన్‌హాన్స్‌డ్’ ఎంచుకోవాలి. ఆ మాట బాక్సులో ఇచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. ఇది తెలియక మంచి టీవీలో మామూలు బొమ్మ చూస్తున్న ఇళ్లు ఎన్నో ఉంటాయని నాకు నిజంగా బాధగా ఉంది.

కేబుల్ విషయంలో అమ్మేవాళ్లు చెప్పే బంగారు పూత కబుర్లు పట్టించుకోకండి. డిజిటల్ సిగ్నల్‌లో ఖరీదైన తీగ రంగులను మెరుగుపరచదు. సిగ్నల్ సరిగ్గా అందుతుంది, లేదంటే తెర మీద చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో నల్లబడుతుంది. 4కే 60 హెర్ట్జ్‌కి ‘ప్రీమియం హై స్పీడ్’, 120 హెర్ట్జ్‌కి ‘అల్ట్రా హై స్పీడ్’ అని ధ్రువీకరణ లేబుల్ ఉంటే చాలు. మొదటిది సెకనుకు 18 గిగాబిట్లు, రెండోది 48 గిగాబిట్లు మోస్తుంది. తీగ ఎంత పొడవైతే ఇబ్బంది అంత ఎక్కువ కాబట్టి పరికరాలను టీవీకి దగ్గరగానే పెట్టుకోండి.

నెట్ పోర్టు వేగం 100 మెగాబిట్లే అని ఎవరైనా పెదవి విరిస్తే పట్టించుకోనక్కర్లేదు. 4కేకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 మెగాబిట్లు. రౌటర్ దగ్గర్లో ఉంటే తీగతోనే కలపండి, వైఫై కంటే నిలకడగా ఉంటుంది.

సౌండ్‌బార్ గురించి రెండు మాటలు. ‘డైలాగ్’ మోడ్‌లో పెట్టాక నాన్న సబ్‌టైటిల్స్ లేకుండా వార్తలు చూస్తున్నారు. పెదవులకూ మాటకూ తేడా వస్తే టీవీ మెనూలో డిజిటల్ ఆడియోను ‘పాస్‌త్రూ’కి (టీవీ సౌండ్‌ను మార్చకుండా ఉన్నదున్నట్టు పంపడం) మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే సర్దుకుంటుంది. అలా కుదరకపోతే సౌండ్ సమయాన్ని బొమ్మతో సర్దే ‘ఏవీ సింక్’ ఉంది. పిక్చర్ మోడ్‌ను మాత్రం మొదటిరోజే ‘వివిడ్’ నుంచి ‘ఫిల్మ్‌మేకర్’కి మార్చాను. సినిమాను సీరియల్‌లా నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా దాంతో ఆగిపోయింది.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. సినిమాలు, వార్తలు, ఒక్క కన్సోల్ ఉన్న ఇంటికి నిస్సంకోచంగా కొనమంటాను. రెండు కన్సోళ్లుంటే వద్దు. ఇది తీసుకుంటే సౌండ్‌బార్ ఎత్తు, టీవీ కాళ్ల ఎత్తు ముందే కొలుచుకోండి. రిమోట్ సెన్సార్ తెర కింది అంచు మధ్యలో ఉంది, ఎత్తైన బార్ పెడితే దానికి అడ్డం వస్తుంది.