నేర్చిన పనిలో నిలవడమా, కొత్తది నేర్వడమా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులపై ఆధారపడి బతికే యువతకు నేడు రెండు దారులున్నాయి: నేర్చిన ఒక్క పనిలోనే స్థిరపడడం, లేదా ఆ పనిని ఆసరాగా చేసుకొని కొత్తవి నేర్చుకుంటూ పోవడం.

మొదటి దారిని తక్కువ చేయలేము. తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలుతుంటే, మీటరు చూడకముందే ప్రాణవాయువు తగ్గిందని గ్రహించి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేయించే మనిషి అనుభవం ఏ తరగతి గదిలోనూ దొరకదు. అయితే అనుభవం ఒక్కటే చాలదని 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను దెబ్బతీసినప్పుడు గోదావరి డెల్టా కళ్లారా చూసింది. 2009లో వనామీ అనే మరో రకం రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక విత్తనం ఎంపిక, మేత, నీటి పరీక్షలు వంటివెన్నో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

రెండవ దారిలో ఖర్చుంది, కొన్నాళ్లు ఆదాయం తగ్గవచ్చు, ఇంట్లో పెద్దల మాటలూ పడాలి. అయినా నేను దానివైపే మొగ్గుతాను. ఏరేటర్ల మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్, నీటిలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్ల అమరికనూ నేర్చుకుంటే, పాత పని పోదు సరికదా, దాని విలువ పెరుగుతుంది. అందుకు ఉన్న పని మానుకోనక్కరలేదు. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టే రోజుల్లోనే మొదలుపెట్టవచ్చు.