వెస్ట్ ఎండ్ ఎవెన్యూ ఫ్లాటులో పదకొండు చలికాలాలు, ఆవిరి రేడియేటర్లతో

న్యూయార్క్ మన్‌హట్టన్‌లో మేముండే బిల్డింగులో, మా పై అంతస్తు ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. మాదీ అదీ ఒకదాని మీద ఒకటుండే ఒకే లైను, గదుల అమరిక అచ్చంగా ఒకటే. పోయిన వారం చూడటానికి వచ్చిన తెలుగు దంపతులు, లిఫ్టులో నేను ఫోనులో మాట్లాడే తెలుగు విని, "ఆంటీ, మీరిక్కడే ఉంటారా? ఎలా ఉంటుందండీ ఈ బిల్డింగు?" అని అడిగారు. బాగుంటుందమ్మా అని రెండు ముక్కలు చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక, చెప్పాల్సింది చెప్పలేదే అనిపించింది.

1920లలో కట్టిన బిల్డింగు. ఓక్ చెక్కల నేల, ఎత్తయిన కప్పులు, వంటింటి వెనకాల పనమ్మాయి కోసమని కట్టిన చిన్న గది, ఇవన్నీ ఎలాగూ ప్రకటనలో ఉంటాయి. ఇది కో-ఆప్, అంటే అందులో ఉండేవాళ్ళే కలిసి బిల్డింగుని సొంతం చేసుకున్న సంస్థ. కో-ఆప్‌లో ఇల్లు కాదు, షేర్లు కొంటామనీ, బోర్డు పిలిచి మాట్లాడుతుందనీ మన్‌హట్టన్‌లో ఇల్లు వెతికేవాళ్ళందరికీ తెలుసు. నేను చెప్పేది ఆవిరి గురించి, గదుల్ని వెచ్చబెట్టే పోత ఇనుప రేడియేటర్లలోకి వచ్చే ఆవిరి.

అంతకుముందు మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. అక్కడ హీటింగంటే కప్పులోంచి ఊదే వేడిగాలి. ఆగితే ఐదు నిమిషాల్లో గది చల్లబడేది. ఇక్కడికొచ్చిన మొదటి అక్టోబరులో ఒక తెల్లవారుజామున ముందుగదిలో బుస వినిపించింది, కుక్కర్ కూతకు ముందు వచ్చేలాంటిది. కింద సెల్లార్లో బాయిలర్ నీళ్ళు మరిగిస్తే ఆవిరి తన ఒత్తిడితో తానే పైకొస్తుంది, పంపూ ఫ్యానూ ఏమీ ఉండవు. రేడియేటర్లోని గాలిని చివరనున్న చిన్న వెంటులోంచి, అంటే గాలి పోయే రంధ్రంలోంచి, బయటికి నెడుతుంది, ఆ బుస అదే. చల్లటి ఇనుము తగలగానే ఆవిరి మళ్ళీ నీళ్ళయి, తనలో దాచుకున్న వేడంతా అక్కడ వదిలేసి, వచ్చిన గొట్టంలోంచే కిందికి దిగిపోతుంది. రావడానికీ పోవడానికీ ఒకటే గొట్టం. బాయిలర్ ఆగిన గంట తర్వాత కూడా ఆ పోత ఇనుము వెచ్చగానే ఉంటుంది.

దోసెల పిండి రుబ్బి రేడియేటర్ పక్కన స్టూలు మీద పెడితే పొద్దున్నకి గిన్నె మూత లేచి ఉండేది. ఎడిసన్‌లో ఓవెన్ దీపం వేసి, తువ్వాలు చుట్టి నానా తంటాలూ పడేదాన్ని. బయట మంచు కురుస్తుంటే కిటికీ దగ్గర పళ్ళెంలో సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టుకున్నాను. ఈ ఇల్లు నాకు నచ్చింది అందుకే, ఇప్పటికీ నచ్చుతున్నదీ అందుకే.

మూడో చలికాలంలో పడకగదిలో చప్పుడు మొదలైంది. గొట్టం మీద ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు, వరసగా పది పన్నెండు దెబ్బలు, సరిగ్గా తెల్లవారుజామున ఐదింటికి. అమ్మ ఆ డిసెంబరులోనే మొదటిసారి వచ్చింది. ఉలిక్కిపడి లేచి, "ఎవరో తలుపు బాదుతున్నారు, చూడవే" అంది. ఐదింటికే ఎందుకంటే, అక్టోబరు 1 నుంచి మే 31 దాకా రాత్రి పదింటి నుంచి ఆరింటి వరకు ఇంట్లో కనీసం 62 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే చాలని నగరం నిబంధన. పొద్దున్న ఆరు తర్వాత, బయట 55 కంటే తక్కువుంటే లోపల 68 ఉండాలి. ఆరింటికల్లా ఆ 68 అందుకోవడానికి బాయిలర్ ఐదింటికే లేస్తుంది.

రేడియేటర్‌కి గొట్టం కలిసేచోట ఉండే వాల్వు సగం తిప్పి చూశాం, ఇంకా ఎక్కువైంది. ఒకటే గొట్టం ఉన్న రేడియేటర్‌కి వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలని మాకప్పుడు తెలియదు. ప్లంబర్ని పిలిస్తే వాల్వు మార్చి, వెంటు మార్చి నాలుగు వందల డాలర్లు తీసుకున్నాడు. మర్నాడు మళ్ళీ అవే దెబ్బలు. అమ్మ ఉన్న రెండు నెలల్లో చాలావరకు మేము ముగ్గురం ముందుగదిలోనే పడుకున్నాం.

ఆఖరికి మా బిల్డింగు సూపర్, అంటే బిల్డింగు బాగోగులు చూసే మనిషి, వచ్చాడు. అల్బేనియా నుంచి వచ్చిన పెద్దాయన. జేబులోంచి జానెడు రసమట్టం తీసి రేడియేటర్ నెత్తిన పెట్టాడు, మన మేస్త్రీలు గోడ లేపేటప్పుడు పెట్టేలాంటిదే. బుడగ వాల్వు వైపుకి జరిగి నిలబడింది, అంటే వాల్వు వైపే ఎత్తు. ఉండాల్సింది దానికి తిరగేసి. తొంభై ఏళ్ళలో నేల కుంగి వాలు మారిపోయింది. దిగిపోవాల్సిన నీళ్ళు వెంటు ఉన్న చివర నిలిచిపోతే, కొత్తగా దూసుకొచ్చే ఆవిరి వాటిని ఎత్తి ఇనుముకేసి కొడుతోంది. పలుగుతో ఆ చివర కొంచెం లేపి, కాళ్ళ కింద రెండు చెక్క బద్దలు దూర్చాడు. పది నిమిషాల పని. మర్నాడు ఐదింటికి నేనూ అమ్మా మేలుకొని చెవులు రిక్కించి కూర్చున్నాం. బుస తప్ప ఇంకేమీ వినపడలేదు.

పిండి గురించి పైన చెప్పినదానికి ఒక సవరణ. అది ముందుగది రేడియేటర్ సంగతి. వంటింట్లో రేడియేటరే లేదు, పైకి పోయే గొట్టం ఒకటుంది, దానికి చెయ్యి తగిలితే బొబ్బే. జనవరి చివర గడ్డకట్టే రోజుల్లో పిండి అర్ధరాత్రికే పొంగి, తెల్లారేసరికి పుల్లగా అయిపోతుంది.

ఇంట్లో వేడిని మనమే పెంచి తగ్గించుకునే థర్మోస్టాట్ లేదు. ఎక్కడో చివరి ఫ్లాటు వెచ్చబడే దాకా బాయిలర్‌కి దగ్గరివాళ్ళు కాగాల్సిందే. 1918 ఫ్లూ తర్వాత కిటికీలు తెరిచి పడుకున్నా చాలేటట్టు ఇంత పెద్ద బాయిలర్లు పెట్టారని ఆవిరి పని తెలిసినవాళ్ళు చెబుతుంటారు. మంచులో మేము కిటికీ తెరిచి పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఆ వేడే అమ్మ వీణను తీసుకుపోయింది. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచింది. రేడియేటర్‌కి రెండు బారల దూరంలో పెట్టాను, చాలుననుకున్నాను. వీణ మెట్లు నిలబడేది తేనెమైనంలోనే. అది కరిగేది 62 డిగ్రీల సెల్సియస్ దాటాకే అయినా, మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. ఒక ఫిబ్రవరిలో ఇరవైనాలుగు మెట్లూ పక్కకి ఒరిగాయి, పొడిగాలికి కుండ మీద సన్నటి నెర్ర కూడా పడింది. మళ్ళీ మేళం కట్టించడానికి, అంటే మైనంలో మెట్లు నిలబెట్టించడానికి, బొబ్బిలి దాకా తీసుకెళ్ళాను. వీణ ఇప్పుడు విశాఖపట్నంలో చెల్లెలి ఇంట్లో ఉంది. తిరిగి తెచ్చుకునే ధైర్యం చేయలేకపోయాను.

తర్వాత మేము ముందుగదిలో థర్మోస్టాటిక్ వాల్వు పెట్టించాం. ఒకటే గొట్టం ఉన్నవాటికి దాన్ని వెంటు దగ్గర బిగిస్తారు. గది చాలినంత వెచ్చబడగానే గాలి పోయే దారి మూసేస్తుంది, గాలి పోకపోతే ఆవిరి లోపలికి రాదు. సగం బాధ తీరింది. ముందే పెట్టించి ఉంటే వీణ ఇక్కడే ఉండేది.

పైన కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. మేమిద్దరం ఇంట్లోనే ఉండే మనుషులం, చలి ఓర్వలేం, రోజూ వండుకుంటాం. మాకు కుదిరింది. పాకే బిడ్డ ఉంటే ప్రతి రేడియేటర్‌కీ కవరు, ఆ వంటింటి గొట్టానికి తొడుగు ముందే పెట్టించాలి. ఇంకో సంగతి, 2019లో న్యూయార్క్ నగరం తెచ్చిన లోకల్ లా 97 అనే చట్టం కింద ఇరవై అయిదు వేల చదరపు అడుగులు దాటిన బిల్డింగులకి కర్బన ఉద్గారాల పరిమితి ఉంది, 2030 నుంచి అది ఇంకా బిగుస్తుంది. ఈ బాయిలర్‌ని ఏం చేస్తారో, ఆ ఖర్చు నెలవారీ మెయింటెనెన్సులో ఎంత పడుతుందో బోర్డు మినిట్స్ (సమావేశాల్లో ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టినవి) మీ లాయరు చేత చదివించుకోండి.

మీరొచ్చింది జూన్‌లో, ఆవిరి ఆగిపోయిన నెలలో. ఏ చప్పుడూ వినపడదు. రెండోసారి చూడటానికి వచ్చినప్పుడు పడకగది రేడియేటర్ మీద రసమట్టం పెట్టి చూడండి, బుడగ వెంటు వైపుకి జరగాలి. మా దగ్గరొకటి ఉంది. కింది అంతస్తులో మా తలుపు తట్టండి, ఇస్తాను.