మొదటి తరం మియాటాకి కోని పసుపు డ్యాంపర్లు

రోజూ ఆఫీసుకీ, అప్పుడప్పుడు ట్రాక్‌కీ అదే కారు తిప్పేవాళ్లకి, 1990ల మియాటా (మాజ్డా వాళ్ల చిన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) మీద చవక కాయిలోవర్ల (స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన, ఎత్తు మార్చుకునే సెట్ల) కంటే కోని స్పోర్టే నయం, అంటే కోని కంపెనీ పసుపు డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు). పైన నాబ్ తిప్పితే రీబౌండ్ (స్ప్రింగ్ తిరిగి సాగేటప్పటి బిగువు) ఒక్కటే మారుతుంది, కంప్రెషన్ (అది నొక్కుకునేటప్పటి బిగువు) మారదు. రోడ్డు మీద మెత్తగా ఉంచి, ట్రాక్ దగ్గర అర చుట్టు బిగిస్తే చాలు. మొత్తం బిగించేస్తే వరస గతుకుల్లో స్ప్రింగ్ సాగేలోపే ఇంకో దెబ్బ తగిలి కారు కిందికి దిగిపోతూ ఉంటుంది.

ఈ కారు అసలు జబ్బు ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే చోటు) తక్కువ కావడం. కారు ఎత్తు మరీ దించితే బంప్ స్టాప్‌ల (ఆ కదలిక చివర అడ్డుగా ఉండే మెత్తటి ముక్కల) మీదే కూర్చుంటుంది. దాంతో మలుపులో వెనక భాగం ఉన్నట్టుండి జారుతుంది. తిట్లు మాత్రం డ్యాంపర్‌కి, పాపం!

సస్పెన్షన్ కీళ్లలో పగిలిన పాత రబ్బరు బుష్‌లు ఉంచేసి ఈ డ్యాంపర్లు వేయడం డబ్బు దండగ. కొత్త రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేలకి ఆని, బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. తర్వాత అలైన్‌మెంట్ తప్పదు.