రాసేది ఏజెంటు, చూసుకునేది మనం: కోడింగ్ ఏజెంట్లను ఏడాదికి పైగా వాడాక

చెప్పిన పనికి కోడ్ తామే రాసిపెట్టే ఏఐ ప్రోగ్రాములు, అంటే కోడింగ్ ఏజెంట్లు, నిజంగా పనికొస్తాయా అని ఎవరైనా అడిగితే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను. అది రాసిచ్చిన కోడ్ సరిగ్గా ఉందో లేదో మీరు ఎంతసేపట్లో తేల్చుకోగలరు? నిమిషాల్లో తేలిపోయే పనైతే హాయిగా అప్పజెప్పొచ్చు. గంటలు పట్టేదైతే కాస్త ఆలోచించాలి. తేల్చుకునే దారే కనపడకపోతే ఆ పని ఏజెంటుకు ఇవ్వకూడదు. ఏడాదికి పైగా దాదాపు రోజూ వీటిని వాడుతున్నాను, వాడినప్పుడల్లా రెండు ముక్కలు నోట్సులో రాసుకుంటున్నాను. ఆ నోట్సంతా తిరగేస్తే మళ్లీ మళ్లీ కనిపించేది ఈ ఒక్క సంగతే.

2021లో గిట్‌హబ్ కోపైలట్ ప్రివ్యూగా వచ్చినప్పుడు మనం టైప్ చేస్తుంటే తర్వాతి వరుసలు సూచించేది, నచ్చితే ట్యాబ్ నొక్కేవాళ్లం. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక బ్రౌజర్లో అడగడం, వచ్చిన కోడ్‌ను కాపీ చేసి ఎడిటర్లో అతికించడం అలవాటైంది. ఏజెంటు తీరు వేరు. ఫైళ్లు తనే వెతికి తెరుస్తుంది, మారుస్తుంది, టెర్మినల్లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) కమాండ్ నడుపుతుంది, వచ్చిన ఎర్రర్ చదువుకుని మళ్లీ మారుస్తుంది. పని అయిందని తనకు అనిపించేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో క్లాడ్ కోడ్ ప్రివ్యూ, ఏప్రిల్లో ఓపెన్‌ఏఐ వాళ్ల కోడెక్స్ సీఎల్ఐ, జూన్లో జెమినీ సీఎల్ఐ వచ్చాయి (సీఎల్ఐ అంటే టెర్మినల్లో నడిచేది). నేను ఒకటి కంటే ఎక్కువే వాడాను, వాడుతున్నాను. ఏది గొప్పదో మాత్రం చెప్పను. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ ఆ వరస మారిపోతుంది, కాబట్టి ఈ రోజు రాసిన ర్యాంకులు రేపటికి ఎవరికీ పనికిరావు.

ఇవి నాకు బాగా అక్కరకొచ్చింది ఆఫీసు పనిలో కాదు, సొంత పనిముట్లలో. నేనొక్కణ్ణే వాడుకునే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఫోటో తీసిన తేదీని బట్టి ఫైళ్ల పేర్లు మార్చేది, రెండు జేసన్ ఫైళ్ల మధ్య తేడా చూపే ఒంటి పేజీ హెచ్‌టీఎంఎల్, సబ్‌టైటిళ్లను రెండు సెకన్లు ముందుకో వెనక్కో జరిపేది. ఇలాంటివి చేసుకోవాలని ఎప్పటినుంచో అనుకునేవాణ్ణి. ఒక సాయంత్రమంతా పోతుంది కదా అని వాయిదా వేసేవాణ్ణి. ఇప్పుడు వాయిదా వెయ్యడం లేదు. సబ్‌టైటిళ్ల పనిలో ఎస్ఆర్‌టీ ఫైల్లో మిల్లీసెకన్ల ముందు కామా ఉంటుంది, వెబ్‌వీటీటీలో చుక్క ఉంటుంది. నేను చెప్పకుండానే ఏజెంటు రెండింటినీ చూసుకుంది. సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వీడియో పెట్టి పది సెకన్లు చూస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ వాడుకునేది, ఎక్కువ నేర్పింది నోట్సు వెతికే పనిముట్టు. నా నోట్సు మార్క్‌డౌన్ అనే మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటుంది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. వాటన్నిటినీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో వేసి, దాంతోపాటే వచ్చే ఎఫ్‌టీఎస్5 అనే వెతుకులాట సదుపాయంతో వెతుక్కునేలా చెయ్యమన్నాను. కాసేపట్లోనే చేసింది. టెస్టులు (కోడ్ సరిగ్గా నడుస్తుందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు) కూడా రాసింది, అన్నీ పాసయ్యాయి. ఇంగ్లీషు మాటలు వెతికితే చక్కగా వచ్చాయి. "కాలం" అని వెతికాను. సర్వర్ కూలిపోయిందని రాసుకున్న నోట్సు వచ్చింది. సర్వీసు కోలుకుందని రాసింది వచ్చింది. రెస్పాన్స్ టైమ్ కొలిచి చూశానని రాసింది కూడా వచ్చింది.

కారణం ఎఫ్‌టీఎస్5 మాటల్ని విడగొట్టే పద్ధతిలో ఉంది. అలా విడగొట్టే భాగాన్ని టోకెనైజర్ అంటారు, డిఫాల్ట్‌గా ఉండేదాని పేరు యూనికోడ్61. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం) ప్రకారం అక్షరాలు, అంకెలు అనిపించుకున్నవే అది మాటలో భాగంగా లెక్కిస్తుంది, మిగతావన్నీ దానికి మాటల మధ్య ఖాళీ కిందే లెక్క. మన గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో లేవు, మార్కుల వర్గంలో ఉన్నాయి. అందుకని "కాలం" దగ్గర దీర్ఘాన్ని, సున్నను పడేసి క, ల అని రెండు ముక్కలు చేసింది. "కూలిపోయింది" మొదలూ క, ల. "కోలుకుంది", "కొలిచి" కూడా అంతే. ఏజెంటు రాసిన టెస్టుల్లో ఉన్నవన్నీ ఇంగ్లీషు వాక్యాలే కాబట్టి ఏ టెస్టూ ఫెయిలవలేదు.

పరిష్కారం పెద్దదేమీ కాదు. టోకెనైజర్‌కు కేటగిరీస్ అనే ఆప్షన్ ఉంది. అందులో ఎల్ (అక్షరాలు), ఎన్ (అంకెలు) వర్గాలతో పాటు ఎమ్ఎన్, ఎమ్‌సీ అనే మార్కుల వర్గాలు కూడా చేర్చమంటే గుణింతాలు మాటలోనే ఉండిపోతాయి. అది అయ్యాక ఇంకోటి బయటపడింది. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం. టోకెనైజర్‌కు అది కూడా ఖాళీయే. ఒక చోట అది పెట్టి, ఇంకో చోట పెట్టకుండా రాసుంటే రెండూ ఒకదానికొకటి దొరకవు. ఇండెక్స్‌లో వేసే ముందూ, వెతికే మాటలోంచీ దాన్ని తీసెయ్యమన్నాను. ఆపైన సర్వర్లో, సర్వర్కి, సర్వర్ని అని విభక్తులు అతుక్కుని వచ్చే మాటలకు ప్రిఫిక్స్ వెతుకులాట (మాట మొదలు కలిస్తే చాలు) పెట్టించాను. ఈ మూడూ అయ్యాక ఆ పనిముట్టు లేకుండా నాకు రోజు గడవడం లేదు.

ఇక్కడ ఏజెంటును తిట్టడానికి ఏమీ లేదు. కారణం ఏంటో కనుక్కోమన్నప్పుడు ఎస్‌క్యూలైట్ పత్రాల్లోంచి ఆ ఆప్షన్ పట్టుకొచ్చింది అదే, నేను వెతికితే చాలాసేపు పట్టేది. కానీ తేడా ఉందని కనిపెట్టింది మాత్రం నేను. నా నోట్సులో ఏముందో నాకు తెలుసు, అందుకే పొంతన లేని ఫలితం రాగానే కళ్లకు తగిలింది. సొంత పనిముట్లకు ఏజెంట్లు అంత బాగా కుదరడానికి కారణం ఇదేనని నా నమ్మకం. చేయించుకునేదీ, వాడేదీ, తప్పు పట్టేదీ ఒకే మనిషి.

ఆఫీసు కోడ్ దగ్గర పరిస్థితి అలా ఉండదు. వాడేవాళ్లు వేరే ఎక్కడో ఉంటారు, తప్పు ఎప్పటికో బయటపడుతుంది. మధ్యలో మనకున్నవి టెస్టులు, డిఫ్ (ఏ వరుసలు మారాయో చూపే జాబితా) చదివే ఓపిక, అంతే. ఒకసారి తేదీల లెక్కలో రెండు టెస్టులు ఫెయిలవుతుంటే సరిచెయ్యమని ఇచ్చాను. తిరిగొచ్చి అన్నీ పాసయ్యాయంది. డిఫ్ తెరిస్తే లెక్క జోలికే పోలేదు, టెస్టులో రావాల్సిన జవాబునే మార్చి పెట్టింది. కింద సారాంశంలో మాత్రం "టెస్టులను ప్రస్తుత ప్రవర్తనకు అనుగుణంగా నవీకరించాను" అని మర్యాదగా రాసింది. సారాంశం మాత్రమే చదివేవాళ్లు దాన్ని మెర్జ్ చేసేస్తారు, అంటే అసలు కోడ్‌లో కలిపేస్తారు. అప్పటి నుంచి బగ్ సరిచేసే పని ఇచ్చినప్పుడు టెస్టుల ఫోల్డర్ ముట్టుకోకుండా కట్టడి చేస్తాను. కొత్త ఫీచరైతే ముందు టెస్టులు రాయించి, వాటిని నేను చదివి కమిట్ చేశాకే (గిట్‌లో భద్రపరిచాకే) అసలు కోడ్ మొదలుపెట్టనిస్తాను.

వేగం సంగతి. ఎంఈటీఆర్ అనే సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం ప్రచురించింది. అనుభవమున్న 16 మంది ఓపెన్‌సోర్స్ డెవలపర్లు ఏళ్ల తరబడి పనిచేసిన తమ సొంత రెపోల్లో (కోడ్ దాచుకునే ప్రాజెక్టు ఫోల్డర్లు) 246 పనులు చేశారు, కొన్ని ఏఐతో, కొన్ని లేకుండా. మొదలుపెట్టే ముందు ఏఐ వల్ల 24 శాతం సమయం తగ్గుతుందని అంచనా వేశారు. నిజానికి 19 శాతం ఎక్కువ పట్టింది. అంతా అయిపోయాక కూడా తమకు 20 శాతం కలిసొచ్చిందనే అనుకున్నారు. అప్పటి మోడళ్లు 2025 మొదట్లోవి, ఇప్పుడు కొలిస్తే అంకెలు వేరుగా రావచ్చు. నన్ను పట్టుకున్నది ఆ మూడో అంకె. టెర్మినల్లో వరుసలు గబగబా కదులుతుంటే పని సాగుతున్నట్టే ఉంటుంది. అందుకే నా నోట్సులో "త్వరగా అయింది" అని ఎక్కడా రాయను. అడిగిందేంటి, ఇచ్చిందేంటి, ఎలా చూసుకున్నాను అనే మూడే రాస్తాను. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పని ఇంకా అవనట్టే.

ఒక నమూనా: "అడిగింది: లాగ్ ఫైల్లోంచి నెమ్మదిగా నడిచిన క్వెరీలు ఏరి పట్టిక చెయ్యమని. ఇచ్చింది: పైథాన్ స్క్రిప్టు, నడిచింది. చూసుకున్నది: మూడు క్వెరీలు చేత్తో లెక్కపెట్టాను, రెండు కలిశాయి, మూడోది రెండు వరుసల్లో ఉండటంతో వదిలేసింది." ఇలాంటివి నెలల తరబడి పోగయ్యాక అది ఎక్కడ తడబడుతుందో ముందే తెలిసిపోతుంది. నా వరకు ఆ చోట్లు తేదీలు, టైమ్‌జోన్లు, రెండు వరుసల్లోకి పాకే రికార్డులు, ఇంగ్లీషు కాని పాఠ్యం.

ఆ నోట్సుకు ఇంకో ఉపయోగం. ఏజెంటుకు నిన్నటి సంగతి సరిగ్గా గుర్తుండదు. కొత్త సెషన్ మొదలైతే దాదాపు అన్నీ మొదటి నుంచే. అందుకే రెపోలో ఏజెంట్స్.ఎండీ లాంటి ఫైలు పెడతాం, పని మొదలుపెట్టే ముందు అది చదువుకుంటుంది. అందులో ఏం రాయాలన్నది చాలామంది సందేహం. ప్రాజెక్టు గొప్పదనం, ఫోల్డర్ల వర్ణన రాస్తే దండగ, అది చూసి తెలుసుకోగలదు. చూసి తెలుసుకోలేనివి రాయాలి. నాది చాలా పొట్టి ఫైలు. టెస్టులు ఏ కమాండ్‌తో నడపాలి, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు, అడక్కుండా కొత్త లైబ్రరీ తేవద్దు, తెలుగు వాక్యం లేని వెతుకులాట టెస్టు ఒప్పుకోను. ప్రతి నియమం వెనకా నోట్సులో ఒక సంఘటన ఉంటుంది. ఊహించి రాసిన నియమాలన్నీ తీసేశాను, ఫైలు పొడవయ్యేకొద్దీ వాటిని పాటించడం తగ్గుతూ వచ్చింది.

సెషన్ పొడవు గురించీ చెప్పాలి. మీరు ఒక మాట అన్న ప్రతిసారీ అంతకుముందు జరిగిన సంభాషణంతా మళ్లీ మోడల్‌కు వెళ్తుంది. క్యాషింగ్ (ముందు పంపినదాన్ని దాచి మళ్లీ వాడుకోవడం) వల్ల ఖర్చు కొంత తగ్గుతుంది గానీ భారం తగ్గదు. మోడల్ ఒకేసారి పట్టుకోగల పాఠ్యం, అంటే కాంటెక్స్ట్, నిండిపోయే వేళకు చాలా ఏజెంట్లు పాతదాన్ని సారాంశంగా కుదిస్తాయి, ఆ కుదింపులో మీరు పొద్దున చెప్పిన షరతు జారిపోవచ్చు. ఒక పనికి ఒక సెషన్, పని అవగానే కమిట్, తర్వాతి పనికి కొత్త సెషన్. రెండు పనులు పక్కపక్కన నడపాలంటే గిట్ వర్క్‌ట్రీ బాగుంటుంది. ఒకే రెపోకి రెండు ఫోల్డర్లు, రెండు బ్రాంచీలు, ఒకదాని ఫైళ్లు ఇంకోటి తొక్కదు. రెండు కంటే ఎక్కువ నడిపితే డిఫ్‌లు చదవడం నా వల్ల కావడం లేదు, అందుకని రెండు దగ్గరే ఆగాను.

తెలుగులో అడగొచ్చా అంటే అడగొచ్చు, నేను అడుగుతాను. ఆలోచన ఎలా వస్తే అలా తెలుగులోనే రాసేస్తాను, ఫైళ్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు. బాగానే అర్థం చేసుకుంటున్నాయి. టోకెన్ల (మోడల్ పాఠ్యాన్ని విడగొట్టుకునే ముక్కలు) ఖర్చు ఎక్కువవుతుందన్న భయం ఒకప్పుడు నిజమే. 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో, పాత పద్ధతిలో 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠ్యం కొత్త టోకెనైజర్‌లో 45కి దిగింది. పైగా ఏజెంటు వాడకంలో టోకెన్లు తినేది మన ప్రశ్న కాదు, అది చదివే ఫైళ్లూ, కమాండ్ల అవుట్‌పుట్లూ.

భద్రత దగ్గర నేను రాజీపడను. ప్రోగ్రామర్, బ్లాగర్ సైమన్ విల్లిసన్ 2025 జూన్‌లో మూడు సంగతుల కలయిక ప్రమాదమని రాశారు: సొంత డేటా చూడగలగడం, బయటివాళ్లు రాసిన పాఠ్యం చదవడం, బయటికి ఏదైనా పంపగలగడం. ఈ మూడూ ఒకే ఏజెంటుకు ఉంటే, ఏదో వెబ్ పేజీలోనో ఇష్యూలోనో దాచిన ఒక వాక్యం దాన్ని దారి మళ్లించి మన డేటా బయటికి పంపించగలదు. మోడల్ ఎంత తెలివైనదైనా ఈ చిక్కు పూర్తిగా తీరలేదు. నోట్సు చదివే ఏజెంటుకు నేను నెట్ ఇవ్వను. నెట్ ఉన్న ఏజెంటును కంటైనర్‌లో (మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసిన చోటు) ఖాళీ ఫోల్డర్‌తో నడుపుతాను. ప్రొడక్షన్ పాస్‌వర్డులు దానికి కనిపించే ఎన్విరాన్‌మెంట్‌లో ఉండవు. ప్రతి కమాండ్‌కూ అనుమతి అడగడం విసుగనిపించి అన్నిటికీ సరే అనే ఫ్లాగ్ పెట్టేవాళ్లున్నారు. కంటైనర్ లోపల అయితే పెట్టుకోండి, మీ హోమ్ ఫోల్డర్‌లో మాత్రం వద్దు.

నెల చందా కొనసాగిస్తున్నాను, ఆపే ఆలోచన లేదు. సొంత పనిముట్లు, ఒక్కసారి నడిపి పారేసే స్క్రిప్టులు, తెలియని కోడ్‌బేస్‌లో ఏది ఎక్కడుందో వెతకడం, బగ్‌ను మళ్లీ పుట్టించే చిన్న ప్రోగ్రాము రాయించడం, ఇవన్నీ ఏజెంటుకే. డేటాబేస్ మైగ్రేషన్లు, లాగిన్, అనుమతుల కోడ్ ఇప్పటికీ నేనే రాస్తాను. రాశాక సమీక్షించమని ఏజెంటుకు ఇస్తాను. ఆ వైపు నుంచి అది చెప్పే అభ్యంతరాల్లో సగం పనికిరానివే. మిగతా సగం కోసం ఇస్తూనే ఉంటాను.